ఏరువాక గడువు

"పోనంటే పోను. నన్ను నరికినా సరే, ఇంగ ఆ కాలువ పనికి పోను," అన్నాడు రసూల్ సాబ్.

పొద్దుటినుంచీ ఇంట్లో ఇదే గోల. అతను ఆ మాట అనడం, వాళ్ళమ్మ దస్తగిరమ్మ అందుకోవడం, ఇద్దరికీ మధ్య పొయ్యి ముందు కూర్చుని అతని భార్య మాబీ రొట్టెలు తట్టడం.

"పోనోనివి ఇన్నేండ్లు ఏంటికి పోయినావప్పా?" దస్తగిరమ్మ గడపలో కూర్చుని మేకలకని తెచ్చిన తుమ్మకాయల్లోంచి ముళ్ళు ఏరి పారేస్తోంది. "ఏరంతా ఈది వచ్చి, గట్టు అందే చోట చేతులు వదిలేస్తానంటే ఎట్ల?"

"మనిషినమ్మా నేను. ఎద్దును కాను, యాడ కట్టేస్తే ఆడ పడుండేదానికి."

"ఈడ మేము మనుషులం కాదా? ఏం తింటాండామో, ఎట్ల బతుకుతాండామో అడిగినావా వచ్చినంక?"

అతను గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, వాకిట్లోని ఎండను చూస్తూ కూర్చున్నాడు.

నిన్న సాయంత్రం ముదిగుబ్బలో బస్సు దిగి, భుజాన కంబళి వేసుకుని, చెప్పాపెట్టకుండా వచ్చాడు. వాకిట్లో మనిషిని చూడగానే మాబీ తడిచేతులతోనే జుట్టు సర్దుకుంది. ఉగాది ముందు వచ్చి ఒక్కరోజు ఉండి పోయినవాడు. మళ్ళీ ఇప్పుడే చూడటం. అయితే అతను ఆమె మొహంలోకి చూడలేదు. నీళ్ళు తాగి, "పండుకుంటా" అని గోడవైపు తిరిగాడు. అప్పుడు చూసింది మాబీ. అతని నడుముకు దుడ్ల సంచి లేదు.

"దుడ్లేవి?" దస్తగిరమ్మ ఇక డొంకతిరుగుడు మానేసింది. "మనియార్డరుకు కమీషను దండగ, ఈసారి చేతికే తెస్తా అని చెప్పిపోతివి. నెలలు గడిచినాయి. యాడ పెట్టినావు?"

"లేవు."

"లేవంటే? తాగినావా?"

"లేదు."

"ఇస్పేటు ముక్కలా?"

"లేదమ్మా!"

"అయితే ఇంగ ఒగటే మిగిలింది. ఆడ ఎవతినన్నా పెట్టుకున్నావేమో చెప్పు. నీ పెండ్లాం ఈడనే ఉండాది, వింటాది."

రసూల్ సాబ్ లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తల వంచి గుమ్మం దాటాడు. ముందు పెట్టిన రొట్టె ముట్టనే లేదు. దస్తగిరమ్మ ఆ రొట్టె తీసి బుట్టలో వేసి మూత పెట్టింది. ఈ ఇంట్లో రొట్టె పారేసే అలవాటు పోయి చాలా కాలమైంది.

"నువ్వన్నా అడగవేమే?" అంది కోడలితో.

మాబీ పెనం దించింది. "చేనికి పొద్దుపోతాండాదత్తా," అని తట్ట అందుకుంది.

అడగకపోవడానికి ఆమెకు కారణం ఉంది. మామ పీరాసాబ్ మంచం పట్టి, పట్నంలో వైద్యానికి ఇల్లంతా ఊడ్చిపెట్టినా చాలనప్పుడు, నాలుగెకరాల చేను శ్రీరంగప్పకు భోగ్యానికి పెట్టారు. ఆరువందల రూపాయలు. వడ్డీ లేదు, వడ్డీ బదులు చేనిమీద పంట అతను తింటాడు. ఏడేండ్ల గడువు. మామ దక్కలేదు. చేను మాత్రం పోయింది. ఆ ఏడు శ్రీరంగప్ప మడకలు తమ చేన్లో దిగి దున్నుతుంటే మాబీ గట్టుమీద నిలబడి చూసింది. ఇంటికొచ్చి మొగుడితో అంది: "ఏడేండ్లు నేను చూడలేను. మూడేండ్లలో విడిపిచ్చుకుందాం. నువ్వు కాలువ పనికి పో. ఈడ నేను చూసుకుంటా."

అతను అప్పుడు నవ్వి, "నువ్వు ఉండగలవా?" అని అడిగాడు.

"ఉంటా," అంది.

ఆ మాట తనదే. అందుకే ఇప్పుడు అత్తలాగా నోరు చేసుకోలేకపోతోంది.

*

చేను అంటే ఆ చేనే. శ్రీరంగప్ప ఏరువాకకు ముందు రాళ్ళు ఏరిస్తున్నాడు, కూలికి పిలిచాడు, మాబీ పోయింది. మూడేండ్లుగా ఇదే. తమ చేన్లో తాను కూలికి పోవడం, ఆ కూలి దాచి ఆ చేనునే విడిపించుకోవాలని చూడటం. మొదట్లో ఊళ్ళో నవ్వారు. తర్వాత నవ్వడం కూడా మానేశారు.

ఎర్రమట్టి. ఎన్నిసార్లు ఏరినా ఏడాది తిరిగేసరికి మళ్ళీ రాళ్ళు పైకి తేలుతాయి. తక్కిన ఆడవాళ్ళు చేతికందిన పెద్ద రాళ్ళు తట్టలో వేసుకుని పోతుంటే, మాబీ వంగి గులకరాళ్ళు కూడా ఏరుతుంది.

"ఏమే, కూలికొచ్చినావా, ఈ చేనికి కాపురానికొచ్చినావా?" అంది పక్కసాలులో ఉన్న నాగలక్ష్మమ్మ. ఆమెది మాబీ ఇంటి పక్కిల్లు. "ఆ చిన్నరాళ్ళు ఏరినా అదే కూలి, ఏరకపోయినా అదే కూలి."

"మడక కర్రుకు తగుల్తాయక్కా."

"తగిలితే శ్రీరంగప్ప కర్రు. నీకేం పోయె?"

మాబీ ఇంకో గులకరాయి ఏరి తట్టలో వేసింది. మొదటి ఏడు ఇలాంటి మాటకు ఆమె లోపల్లోపల నవ్వుకునేది. ఎందుకంటే ఎప్పుడూ కళ్ళముందు ఒక బొమ్మ ఉండేది: పదును వాన పడ్డ మర్నాడు, రసూల్ గొర్రు తోలుతుంటాడు, వెనకాలే తాను చెనక్కాయ విత్తనం వదులుతూ పోతుంటుంది. ఆ బొమ్మను తలుచుకుంటే ఎండ ఎండ కాదు, ఉత్త సంగటి ఉత్తది కాదు. ఇంట్లో మొగుడు లేని రోజులు కూడా దాన్ని పట్టుకుని దాటేసింది. రెండో ఏడు ఏమైందో, ఆ బొమ్మలో రసూల్ మొహం మసకబారడం మొదలుపెట్టింది. గొర్రు కనబడేది, ఎద్దులు కనబడేవి, చేను మరీ బాగా కనబడేది. మనిషి మొహమే గుర్తు తెచ్చుకోవలసి వచ్చేది.

మధ్యాహ్నం అవుతుండగా శ్రీరంగప్ప గొడుగు వేసుకుని వచ్చాడు. ముదిగుబ్బలో చెనక్కాయలు ఒలిచే మిషను ఉన్న షావుకారు. ఎవరినీ కసిరే మనిషి కాదు. వెంట ఎవరో ముసలాయన, రెండు చేతుల్తో వేపపుల్ల పంగను పట్టుకుని, కళ్ళు సగం మూసి చేనంతా నడుస్తున్నాడు. జలం చూసే మనిషి. తూర్పు మూలకు పోయేసరికి పుల్ల కొస కిందికి వాలింది. ఆయన మడమతో అక్కడ గుంత చేసి, "ఈడ తోడు శ్రీరంగప్పా. గంగమ్మ ఉండాది," అన్నాడు.

శ్రీరంగప్ప మొహం విచ్చుకుంది. అటునుంచి వస్తూ మాబీ దగ్గర ఆగాడు.

"ఏమ్మా మాబీ, మీ ఆయప్ప వచ్చినాడంట గదా?"

"వచ్చినాడన్నా."

"దుడ్లు తెచ్చినాడా మరి?"

మాబీ కొంగు తలమీదికి లాక్కుంది. "ఏరువాకకు ముందు అనుకున్న మాట ఉండాది గదన్నా."

"ఉండాది. కాగితంలో ఏడేండ్లు రాసుకున్నాం. ముందే ఇస్తామంటిరి, సరే అంటిని. ఈపొద్దు కూడా సరే అంటా. ఏరువాక లోపల ఆరునూర్లు తెచ్చి పెట్టు, ఆ నిమిషమే చేను నీది." అతను గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "తేలేకపోతే మాత్రం ఒగ మాటమ్మా. ఇంగా నాలుగేండ్లు చేను నాతానే ఉంటాది. వాన కోసరం మోడం చూసుకుంటా కూచుంటే నాకేం గిట్టుతాది? ఆ మూలన బావి తోడిస్తా. విడిపిచ్చుకునేటప్పుడు బావి ఖర్చు మీరే పెట్టుకోవల్ల. అది న్యాయమే గదా?"

"బావికి ఎంతయితాదన్నా?"

"రాయి తగలకుంటే వెయ్యి. తగిలితే భూమిలో మాట, నేనేం చెప్పేది?"

శ్రీరంగప్ప పోయాడు. మాబీ తట్ట నెత్తిన పెట్టుకుని గట్టుదాకా నడిచి, రాళ్ళు కుమ్మరించింది. తూర్పు మూలన ఆ గుంత కనబడుతూనే ఉంది. మామ బతికినన్నాళ్ళూ ఈ చేన్లో నీళ్ళు లేవనే అనుకున్నారు. ఉన్నాయట. ఉన్నందుకే ఇప్పుడు చేను దక్కకుండా పోయేట్టుంది. ఆరువందలే ఇంత కష్టమైతే, పదహారువందలు ఈ జన్మలో మాటా?

ముదిగుబ్బ పోస్టాఫీసులో దాచినవి ఐదువందలకు కాస్త తక్కువగా ఉన్నాయి. అతను తెస్తానన్నవి తెచ్చి ఉంటే సరిపోయేవి.

*

పొద్దు వాలాక, కూలివాళ్ళంతా పోయాక, రసూల్ సాబ్ చేను దగ్గరికి వచ్చాడు. వచ్చి గట్టుమీద కూర్చున్నాడు. మాబీ తట్ట బోర్లించి కాస్త ఎడంగా కూర్చుంది. 

"లింగన్న పోయినాడు," అన్నాడు అతను.

లింగన్న అంటే కాలువ పనిలో అతనితోపాటు ఒకే గుడిసెలో ఉండే మనిషి. కళ్యాణదుర్గం వైపువాడు. అతనిదీ ఇదే కథ, భోగ్యంలో చేను. వచ్చిన ప్రతిసారీ రసూల్ అతని మాట చెప్పేవాడు: లింగన్న ఇట్ల వండుతాడు, లింగన్న ఇట్ల పాడుతాడు. మాబీ ఆ మనిషిని చూడలేదు. అయినా బాగా ఎరిగినట్టే ఉండేది. ఒక్కోసారి అసూయ కూడా పుట్టేది, తన మొగుడి పక్కన రోజూ కూర్చుని తినేవాడని.

"ఊరికి పోయినాడా?"

"చచ్చిపోయినాడు మాబీ."

ఆమె అతనివైపు తిరిగింది.

"శివరాత్రికి ఊరికి పోయి చేను విడిపిచ్చుకున్నాడు. కాగితం చించేసి వచ్చినాడు. మళ్ళీ ఏంటికొచ్చినావన్నా అంటే, చేనుంటే చాలునా, ఎద్దులు కొనల్ల గదప్పా, ఇంగొగ రెండు నెలలు చేసి పోతా అన్నాడు." అతని గొంతు మామూలుగానే ఉంది, ఎవరి సంగతో చెప్పినట్టు. "కణేకల్ అవతల లోతు తోడుతాండాం. పక్కగట్టు జారింది. నేను నీళ్ళు తాగను పైకొచ్చినా. అతను లోపల ఉండాడు. పార తీసుకున్నా గానీ, పార వేస్తే మనిషికి తగుల్తాదేమోనని భయం. చేతుల్తో తవ్వినా. ముందు కాళ్ళు తగిలినాయి."

అతని వేళ్ళు మాబీకి ఇప్పుడు కనిపించాయి. గోళ్ళు నల్లగా కమిలి, రెండు ఊడిపోయి ఉన్నాయి. నిన్నటినుంచీ ఇంట్లోనే ఉన్నాడు, తాను చూడనే లేదు.

"వాళ్ళామె వచ్చింది. శవాన్ని తీసుకపోను బండికి కూడా దుడ్లు లేవు. కంట్రాక్టరు మూడు దినాలు కంటికి కనబడలా. ఆమె ఏడవలేదు మాబీ. ఊరికే మట్టిని చూస్తా నిలబడుకోనుండాది. నేను నడుముకుండే సంచి విప్పి ఆమె వొళ్ళో వేసినా."

"ఎంత?" అంది మాబీ.

ఆ మాట నోట్లోంచి వచ్చేశాక గానీ ఆమెకు తెలియలేదు. అతను మెల్లగా తల తిప్పి చూశాడు. కోపంగా చూడలేదు. ఎవరో కొత్త మనిషి పక్కన కూర్చుంటే చూసినట్టు చూశాడు.

"ఉన్నదంతా. నూటపది."

మాబీ తల దించుకుంది.

"మనిషి చచ్చిపోయినాడని చెప్తాండా. ఎంతని అడిగినావు."

"నోరు జారింది."

"నోరు జారలేదులే." అతను లేచి పంచె దులుపుకున్నాడు. "నేను కూడా అంతే. సంచి ఇచ్చి వెనక్కి తిరిగి రెండడుగులు వేసినా లేదో, సగం ఇచ్చింటే సరిపోయేది గదా అనుకున్నా. శవం పక్కనే నిలబడుకోని అనుకున్నా. అందుకే ఇంగ పోను. ఈ చేను మనల్ని ఇట్ల చేసేదాంక వచ్చింది."

ఆమెకు అతని చేతులు పట్టుకోవాలనిపించింది. ఆ వేళ్ళకు ఇంత వెచ్చటి నూనె రాయాలనిపించింది. లింగన్న ఏ పాట పాడేవాడో అడగాలనిపించింది. ఏదీ చేతకాలేదు. మూడేండ్లు ఎడంగా ఉండి ఉండి, మొగుడితో ఎట్లా మాట్లాడాలో మరిచిపోయినట్టుంది.

అతను ముందు నడిచాడు. ఆమె తట్ట పట్టుకుని వెనక నడిచింది. 

*

రెండు రోజులు ఇల్లు అలాగే ఉంది. కొడుకు ఏం చేశాడో కోడలు చెప్పింది. దస్తగిరమ్మ విని, "అల్లా!" అని గుండెమీద చెయ్యి వేసుకుంది. ఆ తర్వాత కొడుకును ఒక్క మాట కూడా అనలేదు. వేడినీళ్ళు కాచి తెచ్చి, చిన్నపిల్లవాడికి చేసినట్టు, అతని వేళ్ళు కడిగి పసుపు పెట్టింది. మాబీ పొయ్యి దగ్గరనుంచి చూసింది. తాను చేయాల్సిన పని.

మూడో రోజు పొద్దున సంగటి వడ్డిస్తూ మాబీ అంది:

"శుక్రవారం వెంకటరాముడు మేస్త్రి లారీ తెస్తాండాడంట. కాలువకు జోడీలు కావల్లంట, మొగుడూ పెండ్లాం కలిసి వచ్చేటోళ్ళు. నాగలక్ష్మక్కా, వాళ్ళాయనా పోతాండారు."

రసూల్ సాబ్ ముద్ద కలపడం ఆపాడు.

"ఇద్దరం పోదాం. రెండు మేకలూ అమ్మితే కొంత వస్తాది. మిగిలింది ఇద్దరం మట్టి మోస్తే ఏరువాక లోపల తీరుతాది. ఒగరం పోతే తీరదు. నేను లెక్క చూసినా."

"లెక్క," అన్నాడు అతను.

"అవును, లెక్కే. ఇప్పుడు విడిపిచ్చుకోకుంటే శ్రీరంగప్ప బావి తోడిస్తాడు. ఇంగ మన తరం కాదు."

"పోతే పోయె. కూలి చేసుకోని బతకలేమా? ఊళ్ళో చేనులేనోళ్ళు లేరా?"

"ఉండారు. వాళ్ళు మూడేండ్లు మొగుణ్ణి వదిలిపెట్టుకోని ఉండలేదు."

"నువ్వు పొమ్మంటేనే గదా పోయినా!"

"పొమ్మన్నా. నేను కాదన్నానా?" మాబీ గొంతు మొదటిసారి పైకి లేచింది. "నువ్వు కష్టపడినావు, నేను ఈడ హాయిగా ఉంటినా? మా మెహరున్నీసా నిఖాకు నేను పోలేదు, తెలుసునా నీకు?"

"జరం అంటివి గదా?"

"జరం లేదు, ఏం లేదు. తోడబుట్టిన దానికి చీర పెట్టకుండా పోతే బాగుండదు. చీర పెడితే పదిహేను రూపాయలు, పోనూ రానూ బస్సు. జరమని అబద్ధం చెప్పి పంపి, ఆపొద్దు ఆ చేన్లోనే కలుపు తీసినా. కూలి వచ్చింది. అప్పట్నుంచి అది నాతో మాట్లాడలేదు. మా అమ్మ కదిరి సంతలో ఎదురుపడి మొగం తిప్పుకోని పోయింది."

అతను ఆమెనే చూస్తున్నాడు. "నాకేంటికి చెప్పలేదు?"

"చెప్తే నువ్వు పని వదిలిపెట్టి వచ్చేద్దువు."

"వచ్చేవాణ్ణే."

"అందుకే చెప్పలేదు."

దస్తగిరమ్మ గడపలోంచి లేచి వచ్చింది. "మేకల్ని అమ్మండి," అంది. "నా మొగుని రోగానికి పోయిన చేను. ఆయన దక్కలా, చేనన్నా దక్కనీ. నా గురించి తలకాయ పగలగొట్టుకోవద్దు. నాకు కాళ్ళు లేవా, చేతులు లేవా? ఇంత గంజి కాచుకోలేనా?"

"అమ్మా, నువ్వు గమ్మునుండు."

"ఉండనప్పా. ఒగసారి జారిన గట్టు దినమూ జారదు."

రసూల్ సాబ్ చెయ్యి కడిగేసుకున్నాడు. మాబీ వైపు తిరిగాడు. 

"నేను ఆ మట్టిలో ఒగరిని తవ్వి తీసినా. నువ్వు తట్ట ఎత్తుకోని ఆ గుంతలోకి దిగితే, నేను పైన నిలబడుకోని చూడల్ల. నా వల్ల కాదు. నన్నేమన్నా అనుకో. పిరికోడనుకో."

మాబీ అనుకోలేదు. అలా అనుకోలేదని చెప్పనూ లేదు. సాయంత్రం వెంకటరాముడి ఇంటికి పోయి, తమ ఇద్దరి పేర్లూ చెప్పి వచ్చింది.

"మీ ఆయప్పకు ఇష్టమేనా?" అని అడిగాడు మేస్త్రి.

"ఆ, ఇష్టమేనన్నా," అంది. అతను చివరికి వస్తాడని ఆమె నమ్మకం. ఎంత పంతం పట్టినా, తాను లారీ ఎక్కడం చూస్తే నిలవలేడు. ఆ నమ్మకంతోనే గురువారం మేకల్ని తోలుకెళ్ళి అమ్మింది. ఆ నమ్మకంతోనే రెండు పళ్ళేలు, రెండు చెంబులు మూటలో కట్టుకుంది.

*

శుక్రవారం తెల్లవారి లేచేసరికి రసూల్ సాబ్ ఇంట్లో లేడు.

"యాడికి పోయినాడత్తా?"

"నేను లేచేలోపలే పోయినాడు. చెంబు తీసుకోలేదు." దస్తగిరమ్మ కళ్ళు రెండూ వాచి ఉన్నాయి. రాత్రంతా ఏడ్చినట్టుంది. "పోతాండావా?"

"పోతాండా."

"వాడు రాకపోయినా?"

మాబీ మూట చంకన పెట్టుకుంది. వంగి అత్త కాళ్ళు తాకింది. దస్తగిరమ్మ కోడలి తలమీద చెయ్యి పెట్టి, ఆమె కొంగు తలమీదికి సరిచేసింది.

లారీ రోడ్డుమీద సిద్ధంగా ఉంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, మూటలు, గంపలు, పారలు. నాగలక్ష్మమ్మ పైనుంచి చెయ్యి అందించి లాగింది. మాబీ వెనక చెక్క దగ్గరే కూర్చుంది, ఊరివైపు బాట కనబడే చోట. మూట ఒడిలో పెట్టుకుని, పక్కన ఒక మనిషికి సరిపడా జాగా వదిలింది. ఎవరో ఆ జాగాలో గంప పెట్టబోతే, "మా ఆయన వస్తాడన్నా," అని జరిపించింది.

జోడీలు జోడీలుగా కూర్చున్నారు. ఎవరి గొడవ వాళ్ళది. ఒకామె మొగుడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటోంది. ఇంకొకామె, నువ్వు మరిచిపోయినావంటే నువ్వు మరిచిపోయినావని ఉప్పుగురిగి కోసం మొగుడితో తగువాడుతోంది. ఆ తగువు వింటుంటే మాబీకి ఎంతో ముచ్చటేసింది. అలాంటి తగువు తాము ఆడి ఎన్నాళ్ళయింది!

ఎండ ఎక్కుతోంది. బాట మీద ఎవరూ లేరు. డ్రైవరు బీడీ పారేసి లోపలికెక్కాడు. ఇంజను గురగురమంది.

అప్పుడు కనబడ్డాడు. చేను వైపునుంచి వస్తున్నాడు, ఇంటివైపునుంచి కాదు. పంచెకు, మోకాళ్ళకు ఎర్రమట్టి అంటింది. రాత్రి ఎప్పుడో వెళ్ళి ఆ చేన్లో కూర్చున్నట్టున్నాడు. చేతిలో కంబళి లేదు, మూట లేదు. మాబీ అది చూసింది. అయినా పక్కన జాగా మీద చెయ్యి తీయలేదు.

అతను వచ్చి వెనక చెక్క పట్టుకున్నాడు.

"దిగు మాబీ."

"నువ్వు ఎక్కు."

"ఇంతమందిలో అడుగుతాండా. దిగు. మనకు చేను వద్దు."

"నాకు కావల్ల." అని, గొంతు తగ్గించింది. "నాకు నువ్వు కావల్ల. నిన్ను పంపించి సంపాదిద్దామనుకున్నా. తెలివి తక్కువ. ఇప్పుడు నీతోపాటు ఉండి సంపాదిద్దామంటాండా. ఎక్కు."

అతను ఆమెవైపు చూశాడు. లారీ లోపలికి, పారల వైపు చూశాడు.  ఒక కాలు చక్రం మీద పెట్టాడు. మళ్ళీ తీసేశాడు.

ముందునుంచి వెంకటరాముడు మేస్త్రి కేకేశాడు. "ఏమ్మా మాబీ, జోడీ అని చెప్తివి. మీ ఆయప్ప ఎక్కుతాడా లేదా? ఎండ ముదిరేలోపల అనంతపురం దాటల్ల!"

లారీలో అందరూ తిరిగి చూశారు. నాగలక్ష్మమ్మ మాబీ భుజం మీద చెయ్యి వేసి, "దిగిపోవే. మొగోడు అంతగా అడుగుతాండాడు," అంది గుసగుసగా.

మాబీ రసూల్ కళ్ళలోకి చూసింది. ఇన్నాళ్ళూ మసకబారిన మొహం ఇప్పుడు అరచేతి దూరంలో, ఎంతో స్పష్టంగా ఉంది. గడ్డంలో నెరిసిన వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. అతను రాడని ఆమెకు తెలిసిపోయింది. భయంతో కాదు, పంతంతో కాదు. ఆ గుంత దగ్గరికి అతని కాళ్ళు పోవు, అంతే. ఒక్కరి కూలితో ఏరువాక లోపల లెక్క తీరదని కూడా ఆమెకు తెలుసు. దిగితే ఈ మూడేండ్లు ఎందుకు బతికినట్టో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. దిగకపోతే ఎవరి కోసం పోతున్నట్టో అదీ తెలియడం లేదు.

"ఏమ్మా?" అన్నాడు మేస్త్రి.

"జోడీ కాదన్నా. ఒక్కదాన్నే," అంది మాబీ. "పోనీ."

లారీ కదిలింది. రసూల్ సాబ్ చెక్కమీద చెయ్యి తీయలేదు. రెండడుగులు లారీతోపాటు నడిచాడు. లారీ వేగం అందుకుంటే పరుగు మొదలుపెట్టాడు. ఎక్కడానికి పరిగెత్తుతున్నాడో, ఆపడానికి పరిగెత్తుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"వదలప్పా, పడతావు!" అని లోపల ఎవరో అరిచారు.

మాబీ ముందుకు వంగి అతని చేతిమీద తన చెయ్యి వేసింది. పట్టుకుని పైకి లాగాలో, ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడిపించాలో ఆమెకు తెలియలేదు.